బండ్ల కొట్టంలో విమానం

లాడ్ బజారులో గాజులు వేయించుకున్నవాళ్లకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. గాజు చూస్తే చిన్నది, చెయ్యి చూస్తే పెద్దది. ఎక్కదు గాక ఎక్కదనుకుంటాం. గాజులమ్మే మనిషి మాత్రం తొణకడు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, నాలుగు వేళ్లూ దగ్గరికి చేర్చి, కణుపులు ఒక్కొక్కటే నొక్కుతూ నెమ్మదిగా తోస్తాడు. చెయ్యి బిగబట్టామో, ఎక్కదు. వదులుగా వదిలేశామా, ఎప్పుడు ఎక్కిందో తెలియకుండా ఎక్కేస్తుంది.

విమానం కట్టేవాళ్లకి రోజూ ఇదే పని అంటే నమ్ముతారా? ఫ్యాక్టరీల్లో కాదండీ. పెరట్లో, కారు షెడ్డులో, మేడ మీద తమ విమానం తామే కట్టుకునేవాళ్లు ప్రపంచంలో వేలమంది ఉన్నారు. రెక్కకి అడుగున గాజంత కంత ఒకటి వదులుతారు. అందులోంచి చెయ్యి దూర్చి, కంటికి కనబడని చోట, వేళ్ల కొసలతో నట్టు బిగించాలి. పిడికిలి పట్టుకుంటే చెయ్యి బయటికి రాదు. నట్టు లోపల జారిపడితే, దాన్ని వెతికి తీసేదాకా పని ముందుకి సాగదు.

ఇంటి దగ్గర విమానం కట్టుకోవడమన్న ఈ పిచ్చిపని ప్రపంచానికి ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, 1910లో, ఐర్లండ్‌లోని ఒక పల్లెలో ఒకావిడ ఒంటిచేత్తో మొదలుపెట్టింది. పేరు లిలియన్ బ్లాండ్. తన విమానానికి తానే రూపు గీసుకుని, తానే కట్టి, తానే ఎక్కి నడిపిన స్త్రీల్లో మొదటగా చెప్పుకునే పేరు ఆవిడదే.

నేనుండేది షాలిబండలో. మా పాతబస్తీ ఇళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ముందు గది, వెనక గది, మధ్యలో సన్నని నడవ. కథ రాయాలనిపిస్తే బియ్యం డబ్బా మూత మీదే కాగితాలు పరుచుకునే మనిషిని నేను. అందుకేనేమో, లిలియన్ గురించి చదువుతున్నప్పుడు ఆవిడ ఎంత ఎత్తు ఎగిరిందన్నదాని కన్నా, ఎక్కడ కూర్చుని కట్టిందన్నదే నా మనసులో నిలిచిపోయింది.

మేనత్త ఇంటికి చేరిన పిల్ల

లిలియన్ 1878 సెప్టెంబరు 28న ఇంగ్లండులోని కెంట్ జిల్లా మెయిడ్‌స్టోన్‌లో పుట్టింది. తండ్రి బొమ్మలు వేసేవాడు. తల్లి పోయాక, 1906 ప్రాంతంలో తండ్రీ కూతురూ ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్ దగ్గర కార్న్‌మనీ అనే ఊరికి వచ్చేశారు. అక్కడ లిలియన్ మేనత్త సారా ఉండేది. ఆవిడ భర్త జనరల్ స్మైత్ అప్పటికే చనిపోయాడు. పెద్ద ఇల్లు, తోట, గుర్రబ్బండ్లు నిలిపే కొట్టం. వాటితోపాటు ఆ జనరల్‌గారు వదిలివెళ్లిన పనిశాల ఒకటి.

పెళ్లి కాని పిల్ల, వయసు ముప్పైకి చేరువ, ఉండేది మేనత్త ఇంట్లో. ఇలాంటి ఆడపిల్లని లోకం ఎలా చూస్తుందో ఏ దేశంలోనైనా ఒకటే కదా! లిలియన్ ఆ చూపుల్ని ఖాతరు చేసిన దాఖలా లేదు. ఆ కాలపు దొరసానులు రెండు కాళ్లూ ఒక పక్కకి వేసి గుర్రమెక్కుతుంటే, తాను మగవాళ్లలా అటో కాలు ఇటో కాలు వేసి స్వారీ చేసేది. లాగు తొడిగేది. సిగరెట్టు కాల్చేది. తుపాకీ గురి తప్పేది కాదు. జపాను వాళ్ల జుజుత్సు కూడా నేర్చింది. వీటన్నిటితోపాటు సంపాదన ఉంది. లండను పత్రికలకి ఆటల వార్తలు రాసేది, ఫొటోలు తీసి పంపేది.

ఆ ఫొటోల పనే ఆవిడని ఆకాశం వైపు లాగింది. స్కాట్లండు తీరాన సముద్రపు కొంగల్ని కెమెరాలో పట్టుకోవడానికి గంటల తరబడి కూర్చునేదట. అవి రెక్క కదపకుండా గాలి మీద జారిపోతుంటే చూసి చూసి, తానూ అలా తేలాలన్న కోరిక పుట్టింది.

పోస్టుకార్డు, పతంగి

1909 జూలై 25న ఫ్రాన్సుకి చెందిన బ్లేరియో విమానంలో ఇంగ్లిష్ ఛానెల్ దాటాడు. పారిస్‌లో ఉన్న లిలియన్ బాబాయి ఆ విమానం బొమ్మ ఉన్న పోస్టుకార్డు పంపాడు. అందులో కొలతలు కూడా ఉన్నాయి. మనకైతే అది అల్బంలో పెట్టుకునే కార్డు. ఆవిడకి అది పాఠం అయింది.

ఆ అక్టోబరులో బ్లాక్‌పూల్‌లో విమానాల ప్రదర్శన జరిగింది. లిలియన్ వెళ్లింది. అందరూ ఎగిరే విమానాల్ని చూస్తుంటే, ఆవిడ ఆగి ఉన్నవాటి చుట్టూ తిరిగింది. ఏ కర్ర ఎక్కడ కలిసింది, ఏ తీగ ఎటు లాగింది, చక్రం ఎలా బిగించారు... అన్నీ కొలిచి రాసుకుంది. ఇంటికి రాగానే చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఆరడుగుల రెక్కలున్న ఒక పతంగి.

సంక్రాంతికి మా పాతబస్తీ మేడలెక్కితే పిల్లలకీ తెలిసిన శాస్త్రమే ఇది. వెదురుపుల్ల ఒకవైపు బరువుగా ఉంటే పతంగి తల వాలుస్తుంది. కన్నాలు కట్టిన దారం ఒక్క వేలు ఎక్కువైతే గిరికీలు కొడుతుంది. గుల్జార్ హౌజ్ దుకాణాల్లో పతంగి కొనేవాడు దాన్ని రెండు వేళ్ల మీద నిలబెట్టి తూకం చూసేది అందుకే. లిలియన్ చేసిందీ ఆ పనే. తన పతంగికి రెండంతస్తుల రెక్కలు పెట్టి, ఎగరేసి, దించి, సరిచేసి, మళ్లీ ఎగరేసి చూసింది. అది నిలకడగా నిలిచాకే మనిషిని మోసే గ్లైడర్‌కి కర్ర కోయడం మొదలుపెట్టింది.

ఇరుకులో పని

పోయిన జనరల్‌గారి పనిశాలలో ముక్కలన్నీ తయారయ్యాయి. వాటిని కలిపి నిలబెట్టడానికి ఆ గది చాలలేదు. అందుకని గుర్రబ్బండ్ల కొట్టంలోకి మార్చింది. ఇరవై అడుగులు దాటిన రెక్కలు, ఒకదాని మీద ఒకటి. వాటి నడుమ నిలువు కర్రలు, కర్రలకి ఐమూలగా బిగించిన తీగలు. స్ప్రూస్, యాష్, ఎల్మ్ అనే చెట్ల కలప, కొంత వెదురు. విమానాన్ని తిప్పడానికి సైకిల్ హ్యాండిల్!

బండ్ల కోసం కట్టిన చోట విమానం కడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక తీగ బిగిస్తే అవతలి తీగ వదులవుతుంది. అవతలిది బిగించాలంటే రెక్కల మధ్యలోంచి వంగి, దూరి వెళ్లాలి. నులక మంచం అల్లడం చూశారుగా? ఒక్క పోగు బిగువు తప్పితే మంచమంతా ఒక మూలకి లాగుతుంది. ఇదీ అంతే. కాకపోతే మంచం వంకరైతే నడుం నొప్పి. రెక్క వంకరైతే ప్రాణం.

గుడ్డ కప్పడం ఇంకో పెద్ద పని. కజ్జికాయ అంచు మడిచేశాక లోపల చక్కెర తక్కువైందని తెలిస్తే ఏం లాభం? విమానంలోనూ గుడ్డ కప్పకముందే లోపలి పనంతా ముగిసిపోవాలి. ఆ తర్వాత చెయ్యి పట్టే చోటు ఉండదు. అందుకే ఇప్పుడు ఇళ్లలో విమానాలు కట్టేవాళ్లు కొన్ని కిటుకులు పాటిస్తారు. నట్టు జారకుండా వేలి కొసకి కొంచెం గ్రీజు రాసుకుంటారు. పడితే లాక్కోవడానికి వీలుగా చిన్న పనిముట్టుకి దారం కడతారు. వెనకవైపు చూడటానికి పళ్ల డాక్టరు వాడేలాంటి చిన్న అద్దం పెట్టుకుంటారు. మూసేముందు పనిముట్లన్నీ లెక్కపెట్టుకుంటారు. లోపల మరిచిపోయిన స్క్రూడ్రైవరు పైకి ఎగిరాక దొర్లి, విమానాన్ని తిప్పే తీగలకి అడ్డం పడొచ్చు మరి.

లిలియన్‌కి ఈ కిటుకులు చెప్పేవాళ్లు లేరు. తన గుడ్డ వానకి తడిసి బరువెక్కకుండా ఏం చేయాలో ఆవిడే ఆలోచించుకుంది. ఫొటోలు కడిగే చేయి కదా, జిలాటిన్, ఫార్మలిన్ కలిపి పూత తయారు చేసింది. మనం నేత చీరకి గంజి పెట్టినట్టు రెక్కలకి అది పట్టించింది. గుడ్డ బిగుసుకుంది, నీళ్లూ ఇంకలేదు.

విమానానికి 'మేఫ్లై' అని పేరు పెట్టింది. వానాకాలం మన దీపాల చుట్టూ మూగే ఉసిళ్లలాంటి అల్పాయుష్షు పురుగుకి ఇంగ్లిషులో అదే పేరు. ఆ మాటనే రెండుగా విడదీసి చదివితే, ఎగిరితే ఎగరొచ్చు అని అర్థం వస్తుంది. ఊరివాళ్లు నవ్వేలోపు తానే నవ్వేసిందన్నమాట!

నలుగురు పోలీసులు, ఒక తోట కుర్రాడు

ఇంజిన్ కొనాలంటే డబ్బు కావాలి. ఇంజిన్ బరువుని ఈ రెక్కలు మోస్తాయో లేదో తెలియకుండా డబ్బు పోయడమెందుకు? ఇల్లు నడిపే ఆడవాళ్లకి తట్టే ప్రశ్నే ఆవిడకీ తట్టింది. గ్లైడర్‌ని కార్న్‌మనీ కొండ మీదికి తీసుకెళ్లింది. ఆరడుగుల పొడవున్న నలుగురు పోలీసుల్నీ, తోటలో పనిచేసే జో బ్లేన్ అనే కుర్రాణ్నీ దాన్ని పట్టుకోమంది. కొండగాలి వీచింది. గ్లైడర్ అయిదుగురినీ కలిపి పైకి లేపేసింది! పోలీసులు నలుగురూ కంగారుపడి వదిలేశారు. జో మాత్రం వేలాడుతూనే ఉండి దాన్ని కిందికి తెచ్చాడు.

అంతమందిని లేపిన రెక్కలు ఇంజిన్‌ని లేపలేవా? లెక్క తేలిపోయింది. ఇంగ్లండులో విమానాలు చేసే ఏ.వి. రోకి రాసి, 20 అశ్వశక్తి ఇంజిన్ ఒకటి 100 పౌండ్లకి కొంది. 1910 జూలైలో స్వయంగా వెళ్లి, రైల్లో, ఓడలో దాన్ని తన సామానుతోపాటే తెచ్చుకుంది.

ఇంజిన్ వచ్చింది కానీ పెట్రోలు ట్యాంకు ఇంకా తయారు కాలేదు. ఆగగలదా? ఇంట్లో ఖాళీ విస్కీ సీసా కనబడింది. మేనత్తకి చెవుడు. మాటలు వినడానికి చెవి దగ్గర బూరా పెట్టుకునేది. ఆ బూరాని గరాటుగా చేసి పెట్రోలు పోసింది. అత్తకి బూరా ఏమైందో ఎప్పుడు తెలిసిందో గానీ, ఇంజిన్ మాత్రం మోగింది!

మోగితే చాలదుగా. ఆ అదురుకి నట్లు ఊడిపోయాయి, తీగలు తెగాయి. కట్టిన చోటుకే మళ్లీ వెళ్లి, ఒక్కో ముడీ చూసుకుంటూ గట్టిచేయాల్సి వచ్చింది. ఇప్పటి విమానాల్లో బోల్టు తల్లోంచి సన్నని తీగ దూర్చి, మెలిపెట్టి పక్కదానికి కడతారు. ఒకటి వదులవ్వాలని చూస్తే రెండోది బిగుసుకుంటుంది. అంత చిన్న తీగ వెనక అలాంటి ఎన్నో అదుర్ల పాఠం ఉంది.

జో బ్లేన్ పని మరీ ఇరుకుది. ఈ విమానంలో పంకా, నడిపే మనిషికి వెనక ఉండేది. తోకని పట్టి ఉంచే కర్రల మధ్య నిలబడి పంకాని చేత్తో తిప్పాలి. అది అందుకోగానే, కర్రల కిందనుంచి దూరి బయటపడాలి. కొంచెం ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ కుర్రాడికి ఆవిడ మీద ఎంత నమ్మకమో చూడండి.

గడ్డి మీద జాడ

ఎగరడానికి కార్న్‌మనీలో చాలినంత చోటు లేదు. రాండల్స్‌టౌన్‌లో లార్డ్ ఓనీల్‌కి ఉన్న 800 ఎకరాల పచ్చికబయలు దొరికింది. కాకపోతే అందులో ఒక ఎద్దు కూడా ఉంది! పైగా వారాల తరబడి వాన. చివరికి ఆగస్టు నెలాఖరున గాలి కుదుటపడింది. జో పంకా తిప్పాడు. మేఫ్లై గడ్డి మీద పరుగెత్తి, లేచింది.

లిలియన్ దిగి ఏం చేసిందనుకున్నారు? కేకలు పెట్టలేదు. వెనక్కి నడిచి చక్రాల జాడ చూసింది. తడిగడ్డి మీద గీత ఒకచోట ఆగింది. మరికొంత దూరంలో మళ్లీ మొదలైంది. మధ్యలో ఏ గుర్తూ లేదు. అంటే ఆ మేర తాను నిజంగానే గాలిలో ఉంది! ఆ రోజుల్లో ముప్పై అడుగుల ఎత్తుకి లేచి, పావు మైలు దాకా ఎగిరిందని చెబుతారు. ఎవరో వచ్చి నువ్వు గెలిచావని చెప్పేదాకా ఆవిడ ఆగలేదు. తన పనికి సాక్ష్యం తానే వెతుక్కుంది.

అదే 1910లో మన మద్రాసులోనూ ఒక వింత జరిగింది. హోటల్ నడిపే జాకొమో డాంజెలిస్ అనే ఆయన, గుర్రబ్బండ్లు చేసే సింప్సన్ కంపెనీలో విమానం చేయించి ఎగిరాడు. అక్కడా బండ్లు చేసే చోటే విమానం పుట్టిందన్నమాట. తేడా ఏమిటంటే, ఆయనకి కార్ఖానా ఉంది, పనివాళ్లున్నారు. ఈవిడకి అత్త కొట్టం, తోట కుర్రాడు.

కారుతో బేరం

ఆ తర్వాత కథ చాలామందికి రుచించదు. ఇంజిన్ కాక 250 పౌండ్లకి ఇలాంటి విమానాలు కట్టిస్తానని లిలియన్ ప్రకటన ఇచ్చింది. కానీ తండ్రికి గుండెల్లో దడ. కూతురు మెడ విరగ్గొట్టుకుంటుందని భయం. ఎగరడం మానేస్తే కారు కొనిపెడతానన్నాడు. లిలియన్ ఒప్పుకుంది.

ఇక్కడే నాకు మొదట మనసు చివుక్కుమంది. ఇంత చేసి, ఒక కారుకి లొంగిపోయిందా అనిపించింది. ఆడపిల్లల కోరికలు ఇలా ఇంట్లో బేరాలై ముగిసిపోవడం మనం చూడనిదా? పెళ్లి చేసుకో, పై చదువు వద్దు. స్కూటీ కొంటాం, ఆ ఉద్యోగం మానెయ్యి. ప్రేమతోనే అంటారు. అందుకే కాదనడం ఇంకా కష్టం.

కానీ ఆవిడ లెక్క వేరే ఉంది. మేఫ్లైకి ఉన్న బలం అక్కడితో సరి. ఇంకా ఎగరాలంటే పెద్ద ఇంజిన్ కావాలి. అంత ఇంజిన్‌ని ఈ సన్నని చట్రం మోయదు. మొత్తం కొత్తగా కట్టాలి, దానికి చాలా డబ్బు కావాలి. తాను కట్టింది ఎంతవరకు పనికొస్తుందో కట్టినవాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఇంజిన్ అమ్మేసింది. కారు తీసుకుని షోకుగా తిరగలేదు. నడపడం నేర్చుకుని, 1911లో బెల్‌ఫాస్ట్‌లో ఫోర్డ్ కార్ల ఏజెన్సీ పెట్టింది! తండ్రి బేరంలోంచి తన వ్యాపారం తీసింది. ఇది ఓటమో, గెలుపో మీరే చెప్పండి. నాకైతే రెండూ కొంచెం కొంచెం కనిపిస్తాయి. తండ్రి భయపడకపోతే ఆవిడ రెండో విమానం కట్టేదేమో అన్న వెలితి మాత్రం పోదు.

అడవిలో కాపురం

1911లోనే దగ్గరి చుట్టమైన చార్లెస్ లాఫ్టస్ బ్లాండ్‌ని పెళ్లి చేసుకుంది. 1912లో భర్త దగ్గరికి కెనడా వెళ్లిపోయింది. వాంకూవర్ ద్వీపంలో క్వాట్సినో అనే చోట అడవిని చదునుచేసి సేద్యం. విమానం కట్టిన చేతులు ఈసారి చెట్లు నరికి, పొలం దున్నాయి.

1913లో కూతురు పుట్టింది. పట్రీషియా అని పేరు పెట్టుకున్నారు. పదహారేళ్లు పెంచుకున్న ఆ పిల్ల 1929లో ధనుర్వాతంతో పోయింది. నట్టు ఊడితే బిగించొచ్చు, తీగ తెగితే మార్చొచ్చు. దీనికి ఏం చేయగలరు? ఏ తల్లికైనా ఆ తర్వాత రోజులు ఎలా గడుస్తాయో నేను రాయలేను.

1935లో ఇంగ్లండుకి తిరిగి వచ్చేసింది. కెంట్‌లో తోటపని చేసి సంపాదించింది. షేర్లలో డబ్బు పెట్టి, నాలుగు రాళ్లు వెనకేసింది. 1955లో ఇంగ్లండు కొసన ఉండే కార్న్‌వాల్‌కి చేరింది. తోట, బొమ్మలు వేయడం, పందేలు... అలా 92 ఏళ్లు బతికి 1971 మే 11న కన్నుమూసింది. ఉసిళ్ల పేరు పెట్టుకున్న విమానం కొద్ది నెలలే ఉంది కానీ, కట్టిన మనిషి మాత్రం అంతరిక్ష నౌకలు చంద్రుడి మీద దిగడం కూడా చూసి వెళ్లింది. ఇప్పుడు కార్న్‌మనీ దగ్గరి గ్లెన్‌గోర్మ్‌లీలో ఆవిడ పేరు మీద పార్కు ఉంది. అందులో ఉక్కుతో చేసిన మేఫ్లై నిలబడి ఉంది.

చోటు సంగతి

మన హైదరాబాదుకీ ఆకాశానికీ ఉన్న ఒక బంధం చెప్పాలి. 1945లో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఈ మధ్యకాలంలో, మిగతా కంపెనీలు ఆడపిల్ల అని వద్దన్న ప్రేమ్ మాథుర్‌కి పైలట్ ఉద్యోగమిచ్చింది ఈ డెక్కన్ ఎయిర్‌వేసే. అంటే బేగంపేట ఒకప్పుడు ఒక స్త్రీకి చోటిచ్చింది. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ కాందివలిలోని తమ భవనం మేడ మీద ఆరుగురు కూర్చునే విమానం కట్టి, 2016లో ప్రదర్శనకి పెట్టాడు. దాన్ని విప్పి మేడ మీదనుంచి కిందికి దించడమే ఒక పెద్ద ఘట్టం.

చోటు ఎక్కడుందని వెతుక్కునేవాళ్లకి ఈ కథలు పనికొస్తాయి. అయినా ఇరుకులో ఉండటమే గొప్ప అని నేను అనను. ఆడవాళ్లకి ఒక గది, ఒక బల్ల, తాళం వేసుకునే సొరుగు కావాలి. ఇవ్వాలి కూడా. లిలియన్‌కి పెద్ద ఇల్లుంది, జనరల్‌గారి పనిముట్లున్నాయి, సొంత సంపాదన ఉంది. ఇవన్నీ లేని ఆడపిల్లలు ఎన్ని పతంగులు మనసులోనే మడిచి పెట్టుకున్నారో!

కానీ ఒక్కటి మాత్రం ఆవిడ దగ్గర నేర్చుకోవచ్చు. అంతా అమరాక మొదలుపెడదామని ఆవిడ కూర్చోలేదు. ముందు ఆరడుగుల పతంగి, తర్వాత గ్లైడర్, తర్వాత ఇంజిన్. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఇది మోస్తుందా అని చూసుకుంది. మోసిందని తేలాకే రెండో మెట్టు. మీరు మానేసిన కుట్టుపనో, సంగీతమో, ప్రైవేటుగా కడదామనుకున్న బి.ఏ. పరీక్షో ఉందనుకోండి. ఇంట్లో ఏ మూల ఖాళీ ఉందో ఇవాళ ఒకసారి చూడండి. బండ్ల కొట్టమే కానక్కర్లేదు. బియ్యం డబ్బా మూతంత ఉన్నా మొదటి పుల్ల వంచడానికి సరిపోతుంది.